మన గొర్రెల సంగతి

ఒక ఫ్రెంచి పట్టణములో ఇద్దరు మిత్రులు ఇల్లు కొనుటను గూర్చి ముచ్చటించుకొనుచుందురు. మాట ధరతో మొదలై వీథికి పోవును. వీథి నుండి మూలనున్న రొట్టెల అంగడికి, అంగడి నుండి దాని యజమాని కూతురి పెండ్లికి, పెండ్లి నుండి ఆనాడు కురిసిన వానకు పోవును. ఇంతలో వారిలో ఒకడు చిరునవ్వు నవ్వి "రెవ్నోఁ ఆ నో ముతోఁ" అనును. రెండవవాడును నవ్వును. ధర సంగతి మరల మొదలగును. పక్కనున్న తెలుగు విద్యార్థి నిఘంటువు తెరచిన యెడల ఆ నాలుగు మాటలకును అర్థము సులువుగనే దొరకును. మొదటిది "మరలుదము", రెండవది "వద్దకు", మూడవది "మన", నాలుగవది "గొర్రెలు". మన గొర్రెల వద్దకు మరలుదము! ఇల్లు కొనువారికి గొర్రెలతో నేమి పని? మాటలన్నియు తెలిసినవి, మాట మాత్రము తెలియలేదు.

ఈ పలుకుబడి ఫ్రెంచి భాషలో మిక్కిలి వాడుకలో నున్నది. దారి తప్పిన ప్రసంగమును అసలు విషయమునకు మరల్చుకొనుటకు దీనిని వాడుదురు. అర్థము ఇంతే. ఈ ఒక్క వాక్యమును నోటుపుస్తకములో ఎక్కించుకొని, పరీక్షనాడు అప్పగించి, నిండు మార్కులు పొందిన విద్యార్థికి ఆ జాతీయము వచ్చినదని చెప్పవచ్చునా? రాలేదనియే చెప్పవలెను.

ఉచ్చారణ గూర్చి ఒక్క మాట. ఈ వాక్యములో మొదటి మాట చివరను, తుది మాట చివరను "న" కారము వ్రాతలో కలదు గాని నోట పలుకదు; దాని ముందరి అచ్చు మాత్రము ముక్కుతో పలుకును. ఈ చిక్కులో తెలుగు ఉపాధ్యాయునికి పాత చుట్టమొకటి అక్కరకు వచ్చును. అది అరసున్న. తెలుగువారు నోట పలుకుట మాని ఎంతో కాలమైనను, వ్రాతలో పట్టు విడువక తరతరముల విద్యార్థులను వేధించిన ఆ గుర్తు, ఫ్రెంచివారి ముక్కు అచ్చులను తెలుగు లిపిలో చూపుటకు చక్కగా అమరును. పనిలేక కూర్చున్నవానికి పరదేశములో ఉద్యోగము దొరకినట్లున్నది.

జాతీయములను నేర్పు పద్ధతి తెలుగునాటి పాఠశాలలలో చాల కాలముగా ఒక్కటే. పుట నడుమ గీత గీయింతురు; ఎడమ వైపున జాతీయము, కుడి వైపున అర్థము వ్రాయింతురు; అడుగున "సొంతవాక్యములలో ప్రయోగింపుము" అను ఆజ్ఞ యుండును. తెలుగు జాతీయములకు ఇదియే గతి. ఇంగ్లీషు జాతీయములకును ఇదియే గతి. ఫ్రెంచి నేర్చు పిల్లలకును ఇదియే దాపురించినది. తెలుగు జాతీయముల విషయమున ఈ పద్ధతి చేయు చెరుపు తక్కువ. "గోడమీది పిల్లి" అను మాటను తెలుగు పిల్లవాడు బడికి రాకమునుపే ఇంటి అరుగుమీద వినియుండును. ఎవరు అనిరో, ఎవరిని అనిరో, ఏ గొంతుతో అనిరో, అనిపించుకొన్నవాడు ముఖమెట్లు పెట్టెనో చూచియుండును. పుస్తకములోని అర్థము ఆతడెరిగినదానికి సాక్షిసంతకము మాత్రమే. పరభాషా జాతీయమునకు అట్టి అరుగు లేదు. విద్యార్థికి మిగులునది ఆ కుడి వైపు గడి యొక్కటే.

దాని ఫలము ఊహించుట కష్టము కాదు. ఈ ఫ్రెంచి జాతీయమును సొంతవాక్యములో వ్రాయుమన్నచో ఒక విద్యార్థి "సాయంకాలము కాగానే కాపరి తన గొర్రెల వద్దకు మరలెను" అని వ్రాయును. వ్యాకరణదోషము లేదు, జాతీయమును లేదు. రెండవవాడు "సెలవులు ముగిసినవి, ఇక మన గొర్రెల వద్దకు మరలుదము" అని వ్రాయును. ఈతనికి సగము మార్కు ఇయ్య బుద్ధి పుట్టును గాని, ఫ్రెంచివాడు విన్నచో ఈతని యింట మంద యున్నదేమో అనుకొనును. ఆ జాతీయము చెప్పునది విడిచిన మాటకు మరలుటను గాని, విడిచిన పనికి మరలుటను గాదు. మూడవవాడు అర్థమును సరిగా పట్టుకొన్నవాడు. భార్యను పోగొట్టుకొన్న వృద్ధుడొకడు దవాఖానా లెక్కలు చెప్పుచు, నడుమ ఆమె వంటను తలచుకొని ఆగిపోయినప్పుడు, ఎదుటివాడు ఈ మాట అన్నట్లు ఆతడు వ్రాయును. అర్థము ఒప్పు, సమయము తప్పు. మార్కులు మాత్రము ఈతనికి నిండుగా వచ్చును. భయపడవలసినది ఈ మూడవవానిని గూర్చియే. మొదటి ఇద్దరిని ఎవరైన దిద్దుదురు. ఈతనిని దిద్దువారుండరు, ఆతడు పరదేశమునకు పోయి ఆ మాట అని, ఎదుటివారి ముఖము ఏల మాడినదో తెలియక తిరిగి వచ్చును.

ఇట్టి విద్యార్థికి కావలసినది మరియొక నిర్వచనము కాదు. ఆ మాట పుట్టిన చోటు ఆతడు చూడవలెను. అదృష్టవశమున ఈ జాతీయము విషయమున ఆ చోటు స్పష్టముగా కనబడుచున్నది. పైగా చూచిన ప్రతివాడును నవ్వుకొనదగిన చోటు.

పదునైదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఫ్రాన్సు దేశమున ఒక ప్రహసనము పుట్టినది. కర్త పేరు లేకయే అది నేటికిని నిలిచియున్నది. 1480 దశకములో లియోఁ నగరమున అచ్చయినది. సుమారు 1600 పాదముల ఆ పద్యనాటకమునకు నాయకుడు పత్లేఁ అను ప్లీడరు. ఆతనికి నోరు కలదు గాని కక్షిదారులు లేరు. తానును భార్య గియ్‌మెత్తును చినిగిన బట్టలతో కాలము గడుపుచుందురు. ఒకనాడు ఆతడు గియోమ్ అను జవళి వర్తకుని అంగడికి పోయి, చనిపోయిన ఆతని తండ్రిని నోరార పొగడి, ముఖము అచ్చముగా తండ్రిదే యని మురిపించి, ఆరు ఓనుల గుడ్డ అరువు పుచ్చుకొనును. ఓను అనగా గజముకంటె కొంత పొడుగైన నాటి ఫ్రెంచి కొలత. డబ్బు ఇంటివద్ద ఇచ్చెదననియు, పెద్దబాతు వేపుచున్నారు గనుక భోజనము కూడ అచ్చటనే యనియు ఆశ చూపును. వర్తకుడును తక్కువవాడు కాడు. గుడ్డకు తగిన వెలకంటె హెచ్చు రాబట్టితినని లోలోన సంతసించును. ఈ ప్రహసనములో ఎవ్వరిని చూచి జాలిపడుటకును వీలు లేకుండ కర్త జాగ్రత్తపడెను.

వర్తకుడు ఇంటికి వచ్చుసరికి పత్లేఁ మంచమెక్కి మూలుగుచుండును. పదునొకండు వారములుగా ఆయన మంచము దిగలేదని భార్య కన్నీరు పెట్టుకొనును. పత్లేఁ సన్నిపాతము వచ్చినవానివలె ఒక్కొక్క సీమ యాసలో ఒక్కొక్క తీరున ప్రేలి, తుదకు లాటినులోనికి దిగును. ఫ్రాన్సు దేశములో ఎన్ని యాసలు, ఎన్ని భాషలు కలవో చూపుటకు భాషాశాస్త్రజ్ఞులు నేటికిని ఈ రంగమును తిరుగవేయుచుందురు. వర్తకుడు మాత్రము, తన అంగడికి వచ్చి గుడ్డ తీసికొనిపోయినది దయ్యమే కాబోలునని బెదరి వెడలిపోవును.

ఆ వర్తకునికి ఒక గొర్రెల మంద కలదు. దానికొక కాపరి కలడు. కాపరి పేరు తిబో లాన్యెలే. ఇంటిపేరువలె నున్న ఆ రెండవ మాటకు "గొర్రెపిల్ల" అని అర్థము. ఈ గొర్రెపిల్ల యజమాని గొర్రెలను ఒక్కొక్కటిగా కొట్టి తిని, తెగులు వచ్చి చచ్చినవని చెప్పుచు వచ్చెను. వర్తకుడు వానిమీద వ్యాజ్యెము తెచ్చును. కాపరి పోయి పోయి పత్లేఁనే ప్లీడరుగా పెట్టుకొనును. పత్లేఁ వానికి ఒక్కటే ఉపాయము చెప్పును: ఎవరు ఏమడిగినను గొర్రెవలె "బే" అనుము, మరియొక మాట ఆడకుము.

ఇక న్యాయస్థానము. పంటినొప్పి యని చేతితో ముఖము కప్పుకొన్న ప్లీడరును వర్తకుడు ఆనవాలు పట్టును. చావుమంచము మీద నుండవలసినవాడు ఎదుట నిలిచియున్నాడు! అంతటితో వర్తకునికి మతి చెదరును. గొర్రెల లెక్క చెప్పబోయి గుడ్డ లెక్క చెప్పును. కాపరిని తిట్టబోయి ప్లీడరును తిట్టును. ఆరు ఓనులనును, మందయనును, గుడ్డ యనును, ఉన్ని యనును. న్యాయాధిపతికి తల తిరిగిపోవును. ఎదుటనున్నది గొర్రెల వ్యాజ్యెము. నడుమ ఈ గుడ్డ యేమిటి? ఆయన వర్తకుని ఆపి, ఆ గొర్రెల సంగతికి మరలుదమని హెచ్చరించును. నాలుగు మాటలు సాగగానే వర్తకుడు మరల గుడ్డలో పడును. కాపరి ఎంత అడిగినను "బే" అనుటయే గాని వేరు మాట లేదు. ఫిర్యాది పిచ్చివాడు, ముద్దాయి తెలివిమాలినవాడు అని విసిగి న్యాయాధిపతి వ్యాజ్యెము కొట్టివేసి లేచిపోవును. గెలిచిన ప్లీడరు కాపరిని ఫీజు అడుగును. కాపరి చెప్పు జవాబు "బే".

కథ తెలిసిన పిమ్మట ఆ నాలుగు మాటలు మునుపటివలె వినబడవు. వానిలో ఒక న్యాయస్థానము, ఒక గందరగోళము, ఒక విసుగు, దానిని చూచి నవ్వు జనము, అన్నియు ఇమిడియున్నవి. ఇల్లు కొను మిత్రుడు ఆ మాట అన్నప్పుడు తన్ను తాను ఆ జవళి వర్తకునిగా వేళాకోళము చేసికొనుచున్నాడు. నేటి ఫ్రెంచివారందరును ఈ ప్రహసనము చదివియే ఆ మాట వాడుచున్నారని కాదు. వారికి చదువనవసరము లేదు. చిన్ననాటి నుండి నూరు భోజనపు బల్లల దగ్గర ఆ మాటను, దానితోడి నవ్వును వినియున్నారు. ఆ నూరు బల్లలు లేని పరదేశపు విద్యార్థికి ఈ కథ వాని పని యొక్క గంటలో చేసిపెట్టును. జాతీయములను కథలతో నేర్పుట వినోదము కొరకు మాత్రమే అను పెద్దలు ఈ సంగతి మరచుచున్నారు.

ప్రహసనములో న్యాయాధిపతి అనినది "ఆ గొర్రెలు" అని. లోకము దానిని "మన గొర్రెలు" చేసికొన్నది. పదునారవ శతాబ్దమున రాబ్లే తన "గర్గాంత్యువా" మొదటి ప్రకరణములోనే అడ్డుకథ నుండి మరలుచు "మన గొర్రెల"నే తలచెను. అప్పటికే ఆ మాట సామెతవలె నలిగినదని అనుకొనవచ్చును. ఈ చిన్న మార్పులోనే జాతీయపు గుట్టంతయు నున్నది. "ఆ గొర్రెలు" అన్నవాడు అధికారి. పైన కూర్చుండి కిందనున్నవానిని అదలించుచున్నాడు. "మన గొర్రెలు" అన్నవాడు తోడివాడు. దారి తప్పినవారిలో తానును ఒకడు. మొదటి మాట క్రియారూపము కూడ ఇదియే చెప్పుచున్నది. నీవు మరలుమని గాని, మీరు మరలుడని గాని అందులో లేదు; మనము మరలుదమనియే యున్నది. కనుకనే అది సభలో అన్నను ఎవ్వరికిని నొప్పి కలుగదు. తరచుగా అనువాడే దారి తప్పినవాడై యుండును. అధ్యాపకుడు తన ప్రయాణపు ముచ్చట్లలో పడి తేరుకొనుచు అనును. ఉపన్యాసకుడు సభను నవ్వించుచు అనును. వ్యాపారులు బేరము నడుమ అందురు. దుఃఖములో నున్నవాని యెదుట అనరు. శిష్యుడు గురువుగారి ప్రసంగమును మరల్చుటకు అన్నచో గడుసుదనమగును.

తెలుగులో దీనికి సరియైన మాట యేది? వెంటనే అందరికిని తోచునది "రామాయణంలో పిడకల వేట". సందర్భము ఒక్కటే, ప్రసంగము దారి తప్పినది. కాని ఆ రెండు జాతీయములను పక్కపక్కన నిలిపి చూచిన యెడల అవి యెదురెదురుగా నిలుచునవని తెలియును. పిడకల వేట దారి తప్పుటకు పేరు పెట్టును. గొర్రెలు మరలివచ్చుటకు పేరు పెట్టును. పిడకల వేట ఇతరుని అనుమాట, తప్పు పట్టుమాట. గొర్రెలు తన్ను కలుపుకొని అనుమాట, తప్పు మన్నించుమాట. రెండు గడుల పుస్తకములో ఈ రెండింటికిని ఒకే గడి కేటాయించి "సమానార్థకములు" అని వ్రాసిన గురువు, శిష్యునిచేత పదుగురిలో ఒకనిని అవమానింపజేయుటకు సిద్ధపరచిన వాడగును.

సంస్కృత వ్యాఖ్యాతలు "ప్రకృతమనుసరామః" అందురు. పండితుల తెలుగులో అది "ప్రకృతమనుసరింతము" అయినది. ఇందులో మరలుట కలదు, మనమనుట కలదు, మర్యాద కలదు. నవ్వు మాత్రము లేదు. వాడుకలో "సరే, అసలు సంగతికి వద్దాం" అందురు. అది పనికివచ్చును గాని, గ్లాసెడు మంచినీళ్లవలె రుచిలేనిది. ఈ మూడింటికంటె దగ్గరగా వచ్చునది హరికథకుని పద్ధతి. హరిదాసు రుక్మిణీ కల్యాణము నడుమ ఊరి కరణము మీదనో, కొత్త అల్లుని మీదనో పిట్టకథ యెత్తుకొని, జనము కడుపుబ్బ నవ్విన పిమ్మట చిడతలు మ్రోగించి అసలు కథలోనికి దిగును. "పిట్టకథ చాలించి అసలు కథకు వత్తము" అన్న మాటలో ఫ్రెంచి గొర్రెల నవ్వు కొంతైన వినబడును. ఫ్రెంచి నవల తెనిగించువారికి పాత్ర నోట పెట్టదగిన మాట ఇదియే. ఫ్రెంచి గ్రంథములు పెక్కు తెలుగునకు ఇంగ్లీషు మీదుగా వచ్చినవి. ఇంగ్లీషు అనువాదకుడు గొర్రెలను ముందే తోలివేసి "విషయమునకు వత్తము" అని వ్రాసియుండిన, తెలుగు అనువాదకునికి గొర్రెల సంగతియే తెలియదు. మూలము నుండి తెనిగించువారి కొరత ఎంతటి నష్టమో ఇట్టి చిన్నచోట్లనే బయటపడును.

గొర్రెయనగానే తెలుగువానికి తోచునది గొర్రెదాటు. సంస్కృతములో గడ్డరికాప్రవాహమనుదురు. ఒకటి దూకినచోట అన్నియు దూకుననుట. ఫ్రెంచి జాతీయములోని గొర్రెలకు ఈ అర్థము అంటగట్టి, "మన గొర్రెల వద్దకు మరలుదము" అనగా గుంపులో గోవిందా యనుట కాబోలునని భ్రమపడు విద్యార్థులు ఉందురు. చిత్రమేమనగా ఫ్రెంచి భాషలో గొర్రెదాటును వేరుగా నున్నది. దానిని "పన్యూర్జు గొర్రెలు" అందురు. అదియు రాబ్లే చలవయే. ఆయన 1552లో వెలువరించిన "నాలుగవ గ్రంథము"లో పన్యూర్జు అనువాడు ఓడలో తన్ను పరిహసించిన గొర్రెల వర్తకుని వద్ద ఒక గొర్రెను కొని సముద్రములోనికి విసరును. తక్కిన మందయంతయు దాని వెనుకనే దూకును. పట్టి ఆపబోయిన వర్తకుడును మునిగిపోవును. ఈ జాతీయమునకు తెలుగు గొర్రెదాటు అచ్చుగుద్దినట్లు సరిపోవును. ఒకే జంతువు, ఒకే భాష, రెండు జాతీయములు. ఒకటి తెలుగువాని యింటిది, రెండవది కాదు. ఈ రెండింటిని ఒకే నాడు నేర్పినచో విద్యార్థి మరువడు.

గొర్రెలకును న్యాయస్థానములకును ఉన్న చుట్టరికము ఫ్రాన్సు కంటె పాతది. క్రీస్తుశకము మొదటి శతాబ్దపు రోము కవి మార్షియల్ ఒక చిన్న పద్యములో, పొరుగువాడు దొంగిలించిన మూడు మేకల కొరకు వ్యాజ్యెము వేసినవాని గోడు చెప్పెను. వాని ప్లీడరు రోము చరిత్రలోని మహాయుద్ధములన్నింటిని వర్ణించి గొంతు చించుకొనుచుండ, ఆ పేదవాడు తన మూడు మేకల మాట కూడ ఎత్తుమని వేడుకొనును. ప్రహసనకర్త ఈ పద్యమును చూచెనో లేదో గాని, ప్లీడరులను, పశువులను, అనవసర ప్రసంగమును ఒకచోట చేర్చుట యూరపులో కొత్త కాదు. జర్మనులు "పైన చెప్పిన ఆ పొట్టేలి" వద్దకు మరలుదురు. ఇంగ్లీషువారు కొందరు వేడుకకై ఈ ఫ్రెంచి మాటనే తమ భాషలో "మన మటనుల వద్దకు" అని దించుకొనిరి. ఫ్రెంచిలో ముతోఁ అనగా మందలోని గొర్రెయు నగును, పళ్లెములోని మాంసమును అగును. నార్మనులు 1066లో ఇంగ్లండును జయించిన తరువాత ఆ మాట ఇంగ్లీషులో చేరి, క్రమముగా పళ్లెమునకే పరిమితమైనది. మందలోనిదానికి పాత ఇంగ్లీషు మాటయే మిగిలినది. ఇంగ్లీషు నుండి అది తెలుగునాటికి వచ్చి హోటలు పలకల మీద నిలిచినది. అచ్చట దాని అర్థము తరచుగా మేకమాంసము. ఫ్రెంచి గొర్రె ఇంగ్లండులో మాంసమై, తెలుగుదేశము చేరుసరికి మేక యైనది!

జాతీయములో మాత్రము గొర్రె మేక కాజాలదు. "ఇక మన గొర్రెల విషయమునకు వచ్చుటకై" అని వాక్యపు మొదలు కొంత మార్చి ఫ్రెంచివారు వాడుదురు; గొర్రెలను మాత్రము కదల్చరు. రామాయణములో పిడకల వేటయే గాని భారతములో లేదు. గోడమీద పిల్లియే గాని కుక్క యుండదు. ఏ మాట కదలునో, ఏ మాట కదలదో చెప్పుటయు ప్రయోగము నేర్పుటలో భాగమే. కుడి వైపు గడిలో దానికిని చోటు లేదు.

తెలుగువారికి ఫ్రెంచి నిన్న మొన్నటి పరిచయము కాదు. కాకినాడకు అనతిదూరమున గోదావరి పాయ యొడ్డున నున్న యానాము 1954 వరకు ఫ్రెంచి పాలనలోనే యుండినది. 1954 నవంబరు 1న పరిపాలన చేతులు మారినది, 1962 ఆగస్టు 16న అప్పగింత చట్టరీత్యా పూర్తియైనది. అచ్చటి తెలుగు పిల్లలు బడిలో ఫ్రెంచి చదివి ఇంట తెలుగు మాటలాడిరి. నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను ఇంటర్మీడియెట్టున ఫ్రెంచిని రెండవ భాషగా తీసికొనువారు పలువురు. వారిలో ఎందరు భాషమీది ప్రేమతో తీసికొనుచున్నారను ప్రశ్నకు జవాబు ఉపాధ్యాయులకు బాగుగా తెలియును. మార్కులు సులువుగా వచ్చుననుట ప్రచారములో నున్న సంగతి. మార్కుల కొరకు వచ్చినవానికి భాషను అంటగట్టి పంపుట గురువు చేతిలోని పని; కాని ప్రశ్నపత్రము ఆతనికి సాయపడవలెను. "ఈ జాతీయమునకు అర్థము వ్రాయుము" అని అడిగినంతకాలము రెండు గడుల పుస్తకము చావదు. దానికి మారుగా నాలుగు సందర్భములు ఇచ్చి, ఎందులో ఈ మాట చెల్లును, ఎందులో చెల్లదు, చెల్లనిచోట ఏల చెల్లదు అని అడిగిన చాలును. పైన చెప్పిన మూడవ విద్యార్థి అచ్చట పట్టుబడును. పట్టుబడుట ఆతనికే మేలు.

కాలము చాలదను మాట రాకపోదు. ఏడాదికి నూరు జాతీయములు వ్రాయించువారికి కాలము చాలదు. పదింటిని ఎన్నుకొని, ఒక్కొక్కదానికి ఒక్కొక్క గంట ఇచ్చిన, మిగిలిన తొంబదిని పిల్లలు తామే అనుమానముతో చూచుట నేర్తురు. ఈ మాట ఎవరు అందురు, ఎవరితో అందురు అని అడుగుట నేర్తురు. ఆ ప్రశ్న అబ్బినవాడు తెలుగు జాతీయములను కూడ కొత్తగా చూచును.

ఈ ప్రహసనములో ఉపాధ్యాయులు గమనింపదగిన సంగతి మరియొకటి కలదు. జాతీయమును వాడువారు దానిని తలపరు. న్యాయాధిపతి గొర్రెల వద్దకు మరలుమని అదలించినప్పుడు వర్తకుడు చెప్పబోవుచున్నది అబద్ధము కాదు. గుడ్డ నిజముగనే పోయినది. దానిని కాజేసినవాడు నిజముగనే ఎదుట నిలిచియున్నాడు. ఆ ప్లీడరు ఎట్టివాడో తెలిసినచో "బే" అను జవాబు వెనుకనున్న ఉపాయమును బయటపడియుండెడిది. అడ్డుకథ యని న్యాయాధిపతి త్రోసివేసిన దానిలోనే సత్యము దాగియుండెను. వర్తకునికి ఉన్న లోపము ఒక్కటే. ఉన్న నిజమును వరుసగా చెప్పలేకపోయెను. తరగతిలో పాఠము నడుమ లేచి తడబడుచు ఏదో అడుగు పిల్లవానిది తరచుగా ఇదే స్థితి. ఆతడు గుడ్డ సంగతి యెత్తగానే గొర్రెల వద్దకు తరుముట సులువు. నిమిషమాగి, ఆ గుడ్డ యేమిటని అడిగిన న్యాయాధిపతి ప్రహసనములో లేడు; ఉండిన ప్రహసనమే లేదు.

న్యాయస్థానపు రంగమును ఒక పూట తరగతిలోనే ఆడింపవచ్చును. తెరలు, వేషములు అక్కరలేదు; ఒక బల్ల, ఒక కుర్చీ చాలును. నోరుగలవానిని ప్లీడరును చేయవలెను. తడబడినను సిగ్గుపడనివానిని వర్తకుని చేయవలెను. న్యాయాధిపతికి ఆ నాలుగు మాటలు చాలును. వర్తకుడు గుడ్డలో పడినప్పుడెల్ల వానినే అనవలెను, ఒక్కొక్కసారి ఒక్కొక్క గొంతుతో. ఆట ముగిసిన తరువాత పిల్లలనే ఒకరితోనొకరు మాటలాడుకొనుచు దారి తప్పి, ఈసారి నవ్వుచు, అదే మాట అనుమనవలెను. ఫ్రెంచి పలుకుటకు బిడియపడి వెనుక బల్ల విడువని పిల్లవాడు ప్రతి తరగతిలోను ఒకడుండును. కాపరి వేషము వానిది. నేర్వవలసిన మాట ఒక్కటే. అందులో ముక్కుతో పలుకవలసిన అచ్చు కూడ లేదు.